అమృతగడ్డ అసలు పేరు

మూడు లక్షల ఫాలోవర్లు పూర్తయిన సంబరంలో ప్రణీత కేకు ముందు నిలబడగానే ఫోన్ మోగడం, దాన్ని ఆమె ఆడపడుచు మానస ఎత్తడం, అవతలి నుంచి సాయిరామ్ అనే పెద్దమనిషి "అమృతగడ్డ వీడియో పెట్టింది మీరేనాండి?" అని అడగడం మీరు మరిచిపోయి ఉండరు. సాయిరామ్ ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు. కాకినాడ నుంచి వచ్చి ఆరేళ్లుగా జహీరాబాద్‌లో కాపురం ఉంటున్నాడు. అతని తల్లి పద్మావతమ్మ ప్రణీత వీడియో చూసి, చూసినట్టే కూర వండి, ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని మొదటి ముద్ద తానే తిన్నది. నాలుగు నిమిషాల్లో నాలుక మొద్దుబారింది. గంట తిరిగేసరికి గొంతు వాచి, ఊపిరి అందక, ఆసుపత్రిలో మాస్కు కింద పడుకుని ఉంది.

ఆ కబురు చెవిలో వేసినప్పుడు ప్రణీత కేకు కోయడం ఆపలేదు. పైగా కొవ్వొత్తి పొగ మొహానికి అడ్డం వచ్చిందని మళ్లీ వెలిగించి, మళ్లీ ఊది, మళ్లీ కొత్తగా ఆశ్చర్యపోయింది. ఇది ఆ మర్నాటి సంగతి.

ప్రణీతను లోకం 'పల్లె ప్రణీత' అంటుంది. లోకానికేం, ఏమైనా అంటుంది. ఆమె జహీరాబాద్ టౌన్‌లో పుట్టి, టౌన్‌లో చదివి, టౌన్‌లోనే పైపుల దుకాణం నడిపే మహిధర్‌ను చేసుకున్న మనిషి. న్యాల్‌కల్ దగ్గర అత్తవారికి పొలం ఉంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆమె ఆ గట్టు మీద కాలు పెట్టింది మూడుసార్లు. మూడుసార్లూ కెమెరా వెంట ఉంది. ఇంటి హాల్లో ఒక గోడకు మట్టిరంగు పూయించి, ముగ్గులు పెయింటరు చేత వేయించి, ముందు ఒక విసుర్రాయినీ, ఒక కట్టెల పొయ్యినీ కొలువు తీర్చింది. పొయ్యి రాజేస్తే సీలింగ్ నల్లబడుతుంది కాబట్టి లోపల ఎర్ర బల్బు పెట్టించింది. ఆ బల్బు వెలుగులో ఆమె నుదుటి చెమట తుడుచుకుంటే చూసినవాళ్లు మా అమ్మ గుర్తొచ్చింది అని రాసేవాళ్లు. కెమెరా జానెడు పక్కకు జరిగితే మాత్రం ఏసీ కనపడుతుంది.

జరగకుండా చూడటమే మానస పని. మహిధర్‌కు చెల్లెలు. డిగ్రీ అయి రెండేళ్లవుతోంది. ఫోన్ పట్టేది ఆమె, వీడియో కత్తిరించేది ఆమె, కింద నాలుగు ముక్కలు రాసేది ఆమె. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఉండకపోయినా, నా కత్తెర లేనిదే వదిన లేదు అని లోపల కాస్త గీర ఉండేది. పాపం అనాల్సిన పని లేదు, ఆ గీరలో ఆమె సుఖంగానే ఉంది. నిన్న సాయిరామ్ ఫోన్‌తో అది దిగిపోయింది. ఎందుకంటే పద్మావతమ్మ గొంతుకూ తన కత్తెరకూ ఉన్న సంబంధం ఆమెకు బాగా తెలుసు.

రెండు నెలల కింద, వానలు పట్టిన కొత్తలో, శరణమ్మ న్యాల్‌కల్ పొలం గట్టు మీద ఒక గడ్డ తవ్వి చూపించింది. శరణమ్మకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. చిన్నప్పుడు మానసను చంకన వేసుకుని పొలమంతా తిప్పింది ఆమే. ఏ ఆకు ఏ నెలలో తినాలో, ఏది పూతకొచ్చాక ముట్టకూడదో ఆ ఊళ్లో ఆమెనే అడుగుతారు. బాలింత ఉన్న ఇంట్లో పదకొండు రోజులు ఆమె వండి తెచ్చిందే పథ్యం. డాక్టరు రాసిచ్చిన కాగితం అత్తగారు చదివినా చదవకపోయినా, శరణమ్మ గిన్నె గడప దాటాకే కోడలి ముందు విస్తరి వేస్తారు. ఆ గిన్నె తప్ప ఆమెకు వేరే పరువు లేదు, అక్కర్లేదు కూడా.

ఆ రోజు ఆమె కెమెరా ముందు నాలుగు నిమిషాలు మాట్లాడింది. చేతులకు బూడిద పూసుకుని తోలు తీయాలంది. పలచగా తరిగి చింతపండు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపెయ్యాలంది. మళ్లీ చింతపండు నీళ్లు పోసి, మళ్లీ ఉడికించి, మళ్లీ వంపాలంది. తాలింపు సంగతి ఆ తర్వాతే. చివర్లో గడ్డకు అంటిన మట్టి దులుపుతూ, అడగకుండానే ఒక మాట చెప్పింది.

"దీన్ని దూలగడ్డ అంటరు బిడ్డా. పేరే చెప్తది ఎట్ల వండాల్నో. పేరు యాదిల పెట్టుకుంటె చాలు, ఎవ్వలు తప్పు వండరు."

దూల అంటే దురద. తినేవాళ్లు ఏమరకూడదని ఆ ఊరి ఆడవాళ్లు హెచ్చరికను పేరులోనే పెట్టుకున్నారు. అక్షరం ముక్క రానివాళ్లు చేసిన పని అది. అక్షరాలన్నీ వచ్చిన ప్రణీత ఏం చేసిందో చూడండి. కారులో వెనక్కు వస్తూ ముక్కు చిట్లించి, దూలగడ్డ అంటే ఎవడు తింటాడు, వినడానికే రోతగా ఉంది అంది. చిరాగ్‌పల్లి దాటేలోపు దానికి అమృతగడ్డ అని నామకరణం చేసింది. రెండుసార్లు ఉడికించడం, రెండుసార్లు వంపడం చూస్తే జనానికి విసుగు పుడుతుంది, తీసెయ్యమంది. మానస తీసేసింది. నాలుగు నిమిషాల మాట యాభై ఎనిమిది సెకన్లయింది. అది చాలదన్నట్టు, పులుపు తగిలితే సహజమైన రుచి చచ్చిపోతుంది, చింతపండు వెయ్యకండి అని ఒక వాక్యం సొంతంగా కలిపింది. అది ఆమెకు ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. చెబితే బాగుంటుందని అనిపించింది, చెప్పింది.

చివర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలి, ఇది గదా మన పల్లె రుచి అని మురిసిపోయింది. ఆ మురిపెం పదకొండు లక్షల మంది చూశారు. ఆ ముద్ద వెనక వదినా ఆడపడుచులకు తప్ప మూడో మనిషికి తెలియని ముచ్చట ఒకటుంది. సమయం వచ్చినప్పుడు చెబుతాను.

వీడియో తిరగగానే హైవే పక్కన కొందరు అట్టముక్క మీద అమృతగడ్డ అని రాసి కుప్పలు పోశారు. పద్మావతమ్మ ఒక కుప్ప కొన్నది. కాకినాడలో పుట్టి పెరిగిన ఇల్లాలికి కంద తెలుసు, కందకు దురద ఉంటుందనీ తెలుసు. అలవాటు కొద్దీ చింతపండు చేతిలోకి తీసుకుందట. అంతలో వీడియోలో అమ్మాయి వద్దన్నది గుర్తొచ్చి మళ్లీ జాడీలో పెట్టేసిందట. నలభై ఏళ్ల అలవాటును ఒక్క సెకను వీడియో జాడీలో పెట్టించింది. ఫోన్‌లో సాయిరామ్ ఈ ముక్క చెప్పినప్పుడు అతని గొంతులో కోపం లేదు. ఉంటే మానసకు కాస్త తేలికగా ఉండేది.

ఇక ఈ పూటకు వద్దాం. ఉదయం తొమ్మిదింటికి మహిధర్ దుకాణానికి పోతూ గుమ్మంలో నిలబడి ఆ వీడియో తీసెయ్యమన్నాడు, జర సోంచాయించు, ఆలోచించి చూడు అన్నాడు. తీసేస్తే పదకొండు లక్షలు పోతాయంది ప్రణీత, సోమవారం హైదరాబాదు నుంచి మసాలా కంపెనీ వాళ్లు ఒప్పందానికి వస్తున్నారంది. మహిధర్ చెప్పులు వేసుకున్నాడు. భార్యకు ఒకసారి చెప్పి చెప్పులు వేసుకోవడం అతని జీవిత విధానం.

ఆసుపత్రి కబురు రాత్రికే వీడియో కింద కామెంట్లకెక్కింది, అందుకని ప్రణీత ఊరికే కూర్చోలేదు. క్షమాపణ వీడియోకు ఏ చీర కట్టాలా అని మూడు చీరలు మార్చింది. పసుపుపచ్చది పండగలా ఉందంది. నీలంది బాగానే ఉంది గాని మట్టిగోడ ముందు ఎత్తి కనపడటం లేదంది. చివరికి వెలిసిపోయిన నేత చీర ఒకటి కట్టి, బొట్టు చిన్నది చేసి, జుట్టు కొంచెం చెదరగొట్టుకుంది. ఏడ్చినట్టు కనపడాలి గాని మొహం ఉబ్బకూడదు, అదొక విద్య. తర్వాత చెప్పాల్సిన మాటలు మానసకు చదివి వినిపించింది. మా శరణమ్మవ్వ ఏం చెప్పిందో అదే నేను మీకు చెప్పిన, అవ్వకు వయసు మీద పడ్డది, ఏదో ఒకటి మరిచిపోయి ఉంటది, దయచేసి అవ్వను ఎవ్వరు ఏమనొద్దు.

ఆఖరి వాక్యం ప్రణీతకు బాగా నచ్చింది. రెండుసార్లు చదువుకుంది. తన తప్పు తీసుకుపోయి ముసలామె నెత్తిన పెట్టి, ఆ పైన ఆమెను కనికరించడం అంటే సామాన్యమా? మానసకు ఒళ్లు మండింది. మండినా మెల్లగానే అంది.

"అవ్వ రెండుసార్లు వంపుమన్నది వదినా. మనమే కోసినం."

"కోసింది నువ్వు గద," అంది ప్రణీత అద్దంలోంచి.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అవ్వ మాట్లాడిన నాలుగు నిమిషాల అసలు వీడియో తీసేశావు కదా అని ప్రణీత అడిగింది, నిన్న రాత్రే తీసేశానని మానస చెప్పింది. అది అబద్ధం. వీడియో ఆమె ఫోన్లోనే ఉంది. అలాగని దాన్ని బయటపెట్టే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. అన్న ఇంట్లో ఉంటున్న పిల్ల, వదిన ఇచ్చిన ఫోను. రెండు వైపులా మంచి అనిపించుకోవాలని చూసే మనుషులు ఎక్కువగా చేసే పనే ఆమె కూడా చేసింది. ఏమీ చెయ్యలేదు.

పదకొండు దాటాక గేటు చప్పుడైంది. శరణమ్మ వచ్చింది. ఒక చేతిలో గుడ్డలో కట్టిన స్టీలు డబ్బా, ఇంకో చేతిలో నీళ్ల సీసా. సీసాలో ఉన్నది నీళ్లు కావు, ఎర్రగా చిక్కగా ఏదో పులుసు. సోఫాలో కూర్చోమంటే అంచున కూర్చుంది. మంచినీళ్లు తాగింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నిన్న మధ్యాహ్నం సాయిరామ్ సారు ఊరికి వచ్చి, మీరేనా ఆ గడ్డ చూపించింది అని అందరి ముందూ అడిగాడట. మర్యాదగానే అడిగాడట. కాని ఆ ఒక్క ప్రశ్న ఊరంతా పాకింది. దేవమ్మ కోడలు కాన్పయి ఆరో రోజు. సాయంత్రం శరణమ్మ పథ్యం గిన్నె తీసుకుపోతే, దేవమ్మ గడపలోనే నిలబడి, ఇయ్యాల్టికి వద్దులే అక్కా అందట.

"నలభై ఏండ్లల్ల నా గిన్నె మర్లి రాలె బిడ్డా," అంది శరణమ్మ. ఏడవలేదు. గుడ్డ ముడి సవరించుకుంది.

తెల్లారి మొదటి బస్సుకు వచ్చి ముందు ఆసుపత్రికి పోయి పద్మావతమ్మను చూసిందట. ఆమె కళ్లు తెరిచింది గాని నోరు మెదపలేకపోతోందట. డాక్టరు ఇంకా ఏమీ చెప్పడం లేదట.

ఇదంతా వింటూ ప్రణీత ఏం ఆలోచిస్తోందో ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. వెలుతురు ఎక్కడి నుంచి పడుతుందో చూస్తోంది. ముసలామె మొహం, ముడతలు, మాసిన చెంగు, పక్కన తాను. ఒక్కతే కూర్చుని క్షమాపణ చెబితే వచ్చే జనమెంత, అవ్వను పక్కన పెట్టుకుంటే వచ్చే జనమెంత. శరణమ్మ చేతులు పట్టుకుని, అవ్వా మనిద్దరం కలిసి లైవ్‌ల మాట్లాడుదమా అంది. అవ్వ కాదంటుందేమో అనుకుంది మానస. శరణమ్మ మాత్రం వెంటనే తలూపింది.

"పెట్టు. నేను గందుకే వచ్చిన. అందరు చూడాలె."

ప్రణీతకు ఇంకేం కావాలి? అవ్వను విసుర్రాయి పక్కన కూర్చోబెట్టింది, ఎర్ర బల్బు వేయించింది, అడిగినప్పుడు అవునని తలూపితే చాలు అని నేర్పింది. మానస ఫోను స్టాండుకు బిగించి వెనక నిలబడింది. లైవ్ మొదలైంది.

మామూలుగా ప్రణీత లైవ్‌కు ఏడెనిమిది వందల మంది వస్తారు. ఈ పూట రెండు నిమిషాల్లో నాలుగు వేలయ్యారు. మనిషి ఆసుపత్రి పాలైందంటే జనానికి తీరిక దొరుకుతుంది. ప్రణీత గొంతు వణికించి తన ముక్కలు అప్పజెప్పింది. అవ్వ చెప్పిందే చెప్పిన అంది, వయసు అంది, ఏమనొద్దు అంది. ఏమనొద్దు అనగానే అనడం మొదలైంది. ముసలిదాన్ని జైల్లో వెయ్యాలని ఒకడు రాశాడు, ఇలాంటివాళ్లను పొలం నుంచి తరిమెయ్యాలని ఇంకొకడు. కింద పేర్లు చూస్తే వాళ్లలో పొలం ఎరిగిన మనిషి ఒక్కడూ ఉన్నట్టు లేడు. చదువు రాకపోవడం ఆ పూట శరణమ్మ అదృష్టం. చదవగలిగిన మానస ఒక్కొక్కటీ చదువుతూనే ఉంది.

ప్రణీత అవ్వ వైపు తిరిగి, అంతే గద అవ్వా అంది. శరణమ్మ తలూపలేదు.

"ఆ గడ్డకు నువ్వు ఏం పేరు పెట్టినవ్ బిడ్డా?"

అమృతగడ్డ, అంది ప్రణీత నవ్వు చెదరకుండా.

"నేను చెప్పిన పేరేంది?"

ప్రణీత, ఊళ్లో ఏదో అంటారులే అవ్వా, అది వాడుక మాట అని దాటెయ్యబోయింది. శరణమ్మ ఫోను వైపు తిరిగింది. ఏ సందులో చూడాలో తెలియక ఫోను పైన, మానస మొహంలోకి చూసి చెప్పింది.

"దూలగడ్డ అని చెప్పిన. గడ్డ దూల రెండు పొంగులకు పోతది. ఈ బిడ్డ దూల ఎన్ని పొంగులకు పోతదో నాకు ఎరుకలే."

స్క్రీన్ మీద నవ్వు బొమ్మలు కుప్పలుగా లేచాయి. పదకొండు వేలు. ప్రణీత కళ్లు అంకె మీదే ఉన్నాయి. తనను చూసి నవ్వుతున్నారని ఆమెకు కోపం రాలేదు, అంకె పెరుగుతోందని ఊరట కలిగింది. తిట్టినా చూస్తున్నారు కదా అనుకునే దశ ఒకటుంటుంది. అక్కడికి చేరినవాళ్లకు సిగ్గు నేర్పడం బ్రహ్మతరం కాదు.

శరణమ్మ గుడ్డ విప్పి డబ్బా మూత తీసింది. లేత పసుపు రంగు కూర. ఆవాలు, కరివేపాకు, చూడటానికి ముచ్చటగా ఉంది.

"పొద్దుగాల మా ఊర్ల వండిన. నీ వీడియోల చూపెట్టినట్టే వండిన. ఒక్కటే పొంగు. నీళ్లు వంపలే. పులుపు చుక్క లేదు. ఆ దినం నువ్వు ఎట్ల తిన్నవో గట్ల ఒక్క ముద్ద తిను. నీకేం గాలె గద. తినకుంటె ఎందుకు తినవో ఈడనే చెప్పు, నేను మూత పెట్టుకొని పోత."

ముసలామె లెక్క సరైనదే. తెలిసి ఎవరూ తినరు. తిననని ఒప్పుకుంటే చాలు, దేవమ్మ గడపలో తన గిన్నెకు మళ్లీ దారి దొరుకుతుంది. అయినా ముందుజాగ్రత్తగా చింతపండు పులుసు సీసాలో పట్టుకొచ్చింది. విషం లాంటిది మోస్తూ విరుగుడు ఇంట్లో మరిచి వచ్చే రకం కాదు ఆమె. ఒకటే పొరపాటు చేసింది. ప్రణీతను మామూలు మనిషి అనుకుంది.

ఇప్పుడు ఆ ముద్ద సంగతి చెబుతాను. పదకొండు లక్షల మంది చూస్తుండగా ప్రణీత కళ్లు మూసుకుని నమిలి మురిసిపోయిన ముద్ద దూలగడ్డ కాదు, అమృతగడ్డా కాదు. ఆలుగడ్డ. వాసన బాగాలేదని ఆ రోజు గడ్డకూర గిన్నె పెరట్లో గుమ్మరించి, పసుపు వేసి ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు మానస చేతనే ప్లేటులో పెట్టించింది. జహీరాబాద్‌లో ఆలుగడ్డకు ఏం కొదవ? పది మందికి తినమని చెప్పిన దాన్ని తాను నాలుక మీద కూడా పెట్టుకోలేదు.

కాబట్టి ఇప్పుడు ఆమెకు మిగిలింది రెండే దారులు. తినాలి, లేదా ఆలుగడ్డ అని ఒప్పుకోవాలి. ఆమె మూడోది వెతికింది. చీర మడతల్లో చెయ్యి దాచి, రెండు వేళ్లు కత్తెరలా ఆడించింది. ఇది వాళ్లిద్దరికీ మాత్రమే తెలిసిన సైగ. ఆపెయ్, తర్వాత నెట్ పోయిందని చెబుదాం అని అర్థం. రెండేళ్లలో ఆ సైగకు మానస ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. వేళ్లు ఆడగానే ఆమె బొటనవేలు ఎర్ర గుండీ మీదికి తనంతట తానే పోయింది.

అక్కడే ఆగింది. చింతపండు జాడీలో తిరిగి పెట్టేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యిని మానస ఎన్నడూ చూడలేదు, అయినా కళ్లకు కట్టినట్టుంది. ఆమె బొటనవేలు వెనక్కు తీసుకుంది.

ప్రణీతకు అర్థమైంది. ఒక్క చూపు చూసింది. తర్వాత డబ్బాలోంచి ఒక ముక్క చిదిమి వేళ్ల మధ్య పట్టుకుని, ఫోను వైపు తిరిగి నవ్వింది. ఇరవై ఆరు వేలు. ముక్క పెదవుల దాకా పోయేసరికి శరణమ్మ రంగు మారిపోయింది. ముందుకు వంగి ఆమె మణికట్టు పట్టేసింది.

"వద్దు బిడ్డా. నేను తినిపియ్య రాలె. ఒక్క నిజం చెప్పు, చాలు."

ప్రణీత నవ్వు పోనివ్వకుండానే ఆమె చెవి దగ్గరికి వంగింది. మైకుకు అందకూడదని గుసగుసగా అన్న ఆ మాట ముప్పై వేల మందికి వినపడలేదు గాని, మానసకు వినపడింది.

"చెయ్యి తియ్ అవ్వా. ముప్పై వేలు దాటిన్రు."

మానసకు భయం పోయింది. ధైర్యం వచ్చి పోలేదు, అసహ్యంతో పోయింది. వదిన మీద ఎంత అసహ్యమో, ఇన్నాళ్లూ ఆ ఫోను మోసిన తన మీద అంతే. స్టాండు వెనక నుంచి, మొహం కనపడకుండానే, గట్టిగా మాట్లాడింది.

"అవ్వ రెండుసార్లు వంపుమనే చెప్పింది. కోసింది నేను. మొత్తం వీడియో నా కాడ ఉన్నది. ఆ దినం మా వదిన తిన్నది గడ్డ గాదు, ఆలుగడ్డ."

శరణమ్మ మానస వైపు చూసింది. చంకన ఎత్తుకున్న పిల్ల ఇన్నాళ్లకు కనపడినట్టు చూసింది, పట్టు సడలింది. స్క్రీన్ మీద మాత్రం రాతలు వరదలా వచ్చాయి. మోసం అని కొందరు, సారీ అవ్వా అని కొందరు. వాటన్నిటినీ తోసుకుంటూ ఒకే మాట పదే పదే, వందలుగా, వేలుగా. తిను. తిని చూపించు. ఆలుగడ్డ కాకపోతే తిను.

నలభై ఒక్క వేలు. రెండేళ్లుగా ఆ అంకె కోసమే ఎర్ర బల్బు ముందు చెమట తుడుచుకున్న మనిషి ఆమె. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో ఆమెకు అనవసరం. ఉండిపోవడం ముఖ్యం. శరణమ్మ చెయ్యి సడలిన ఆ ఒక్క క్షణంలో ప్రణీత ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది, సరిగ్గా ఆ రోజు వీడియోలో లాగే. నమిలింది. మింగింది.

ఈసారి అది ఆలుగడ్డ కాదు.

శరణమ్మ సీసా మూత తీసి, జర తాగు బిడ్డా, పుక్కిలించి ఉమ్మెయ్ అని నోటి దగ్గర పెట్టింది. ప్రణీత సీసాను పక్కకు తోసేసింది. పులుసు మట్టిరంగు గోడ మీద ఒలికి ముగ్గు మీదుగా కారింది. తాగితే ఒప్పుకున్నట్టే కదా. నలభై ఎనిమిది వేల మంది చూస్తుండగా ఒప్పుకుంటుందా?

చూసిన్రు గద, నాకేమన్న అయిందా అంది నవ్వుతూ. నా మీద పడి ఏడ్చేవాళ్లకు ఇదే జవాబు అంది. ఒక నిమిషం మాట్లాడింది, రెండు నిమిషాలు మాట్లాడింది. మూడో నిమిషంలో నాలుకతో పెదవులు తడుపుకుంది. మళ్లీ తడుపుకుంది. గొంతు మీదికి పోబోయిన చేతిని బలవంతంగా ఒళ్లో పెట్టుకుంది. ఫోను మూలన లైవ్ గడియారం కదులుతూనే ఉంది. పద్మావతమ్మకు నాలుగు నిమిషాలు పట్టిందని మానసకు గుర్తుంది. అన్నకు ఫోన్ చెయ్యాలంటే ఈ ఫోన్ స్టాండు మీద నుంచి తీయాలి.

యాభై వేలు. ప్రణీత ఆ అంకె చూసింది, కళ్లు మెరిశాయి. రెండు చేతులూ జోడించి, గొంతు పెంచి, "అందుకే చెప్తున్న, నిస్సంకోచంగా తినండి, మన పల్లె వరం, మన అమృ..." అంది.

మిగతా సగం పేరు ఆమె నోట్లో తిరగలేదు.